ఆయనకి తెలుసు

శనివారం పొద్దున బలిపీఠం గుడ్డలు ఉతకడం నా పని. అది నా పని ఎలా అయిందంటే, అంతకు ముందు ఉతికే పెద్దావిడకి చూపు ఆనడం మానేసింది. చర్చిలో ఎవరో "మన ప్రసంగం గారి భార్య ఉన్నారుగా" అన్నారట. మా ఆయన "దానికేం భాగ్యం" అన్నారట. అంతే, గుడ్డల సంచి మా ఇంటికి వచ్చేసింది. నన్ను అడిగినా కాదనేదాన్ని కాదు. కానీ అడగలేదు.

ఆ గుడ్డలు ఉతకడానికో పద్ధతి ఉంది. పూజలో పానపాత్ర తుడిచిన గుడ్డని నేరుగా సబ్బునీళ్ళలో పడెయ్యకూడదు. ముందు మంచినీళ్ళలో నానబెట్టాలి. ఆ మొదటి నీళ్ళు తూములోకి పోనివ్వకూడదు, ఎవరి కాలూ పడని చోట మట్టిలో పొయ్యాలి. ఎందుకంటే ఆ గుడ్డకి అంటింది ఒట్టి ద్రాక్షరసం కాదు, ప్రభువు రక్తం. నేను మొక్కుబడిగా చేసేదాన్ని కాదు, నిజంగా నమ్ముతాను. పెరట్లో గోడ వారనున్న మొక్క మొదట్లో ఆ నీళ్ళు వంచేటప్పుడు ప్రతిసారీ సిలువ గుర్తు వేసుకుంటాను. వారం మొత్తంలో నాతో నేను ఉండేది ఆ కాసేపే.

ఆ శనివారం గుడ్డల బేసిన్ పక్కనే ఇంకో బకెట్టు ఉంది. అందులో నా దుప్పటి. అప్పటికి కొన్ని నెలలుగా నాకు రక్తం ఆగడం లేదు. నెలకోసారి రావలసింది నెల పొడుగునా వస్తోంది. ఏ పొద్దున లేచినా ముందు వెనక్కి తిరిగి పక్క చూసుకోవడం అలవాటైపోయింది. ఆయన కాఫీ కప్పు పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చారు. కాసేపు చూసి, "ఏమోయ్, ఆ రెండూ పక్కపక్కన పెట్టావేంటి?" అన్నారు.

"ఏ రెండూ?"

"దేవుడి గుడ్డలూ, నీ గుడ్డలూ."

కసురుకోలేదు. ఆయన ఎప్పుడూ కసరరు. "నేనేదో అన్నానని కాదు. ఎవరైనా చూస్తే బాగుండదు. ఆ బకెట్టు లోపలికి తీసుకుపో" అని, కప్పు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు. కప్పు కూడా నేనే కడగాలి కాబట్టి అక్కడ పెట్టడమే దగ్గర. బరువులు ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది. నీళ్ళతో నిండిన బకెట్టు రెండు చేతులతో ఈడ్చుకుంటూ స్నానాలగదిలోకి తీసుకెళ్ళి వంపేశాను. ఎర్రటి నీళ్ళు సుడి తిరుగుతూ తూములోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. దీనికి మట్టి అక్కర్లేదు, మొక్క అక్కర్లేదు, సిలువ గుర్తు అక్కర్లేదు. ఇది నాది కదా.

మా ఆయన గురించి చెప్పాలి. ఆయన మంచివారు. ఈ మాట నేను వెటకారంగా అనడం లేదు. తాగరు, చెయ్యెత్తరు, ఇంకో ఆడదాని వంక చూడరు. బీమా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. అక్కడ ఆయన మాట ఎవరూ చెవిన పెట్టరు, ఆ సంగతి ఆయన ముఖం చూస్తేనే తెలుస్తుంది. కానీ చర్చిలో మైకు ముందు నిలబడితే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేస్తారు. సువార్తలో ఒక చిన్న మాట పట్టుకుని, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, మన ఇంట్లోకి తెచ్చి, కళ్ళనీళ్ళు తెప్పిస్తారు. అందుకే అందరూ ఆయన్ని ప్రసంగం గారు అంటారు, నన్ను ప్రసంగం గారి భార్య అంటారు. పెళ్ళి కుదిరిన జంటలు చర్చిలో పెళ్ళి చేసుకోవాలంటే ముందు కొన్ని శనివారాలు తరగతులకి రావాలి. ఆ తరగతులు చెప్పేది మేమే. మేము అంటే ఆయన. నేను పక్కన కూర్చోవాలి. మధ్యలో ఆయన నా వైపు తిరిగి నవ్వినప్పుడు నేనూ నవ్వాలి. చివర్లో నాకు అయిదు నిమిషాలిస్తారు, ఇంటిని ప్రార్థనాలయంగా నిలబెట్టుకోవడం ఎలాగో చెప్పమని. ఏం చెప్పాలో ఆయనే ముందురోజు నాకు చెబుతారు.

ఒకసారి మా అక్క దగ్గర నోరు విప్పబోయాను. "మీ ఆయన లాంటి మొగుణ్ణి పెట్టుకుని నీకేమొచ్చిందే" అంది. నిజమే. చూపించడానికి నా ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

రక్తం ఆగకపోయేసరికి, పని నుంచి వచ్చేటప్పుడు దారిలో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆవిడ పరీక్షలు చేయించింది. కాగితాలు చూసి కళ్ళజోడు తీసి నా ముఖంలోకి చూసింది. "ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదు. అసలు ఎలా వచ్చావమ్మా ఇక్కడికి?" అంది.

"బస్సులో వచ్చానండి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. గర్భసంచి నిండా గడ్డలున్నాయంది. గర్భసంచి తీసెయ్యాలి, తర్వాత ఆరు వారాలు మంచం దిగకూడదు, ఇంకా నాన్చితే గుండె మీద పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది అంది. ఆరు వారాలు మంచం దిగకూడదనగానే నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆవిడ భయపడి నీళ్ళిచ్చింది.

ఆ రోజు కుటుంబ ప్రార్థన అయ్యాక, భోజనాల దగ్గర విషయం చెప్పాను. మా అత్తయ్య తుంటి విరిగి ముందుగదిలోనే మంచం మీద ఉంటుంది. ఎత్తి కూర్చోబెట్టాలి, పక్క మీద తిప్పాలి, ఒళ్ళు తుడవాలి, అన్నీ మంచంలోనే. అందరికంటే ముందు ఆవిడే మాట్లాడింది. "ఆరు వారాలు నువ్వు పడుకుంటే నన్నెవరు లేపుతారు?"

నేను ఆయన వంక చూశాను. ఆయన ముద్ద మింగి, "చేయిద్దాం. తప్పకుండా చేయిద్దాం" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు. "కాకపోతే పెళ్ళిళ్ళ రోజులు కదా, ఈ తరగతులు అవనీ."

"మా రోజుల్లో ఈ పరీక్షలు ఎవరు చేయించుకున్నారు" అంది అత్తయ్య. "పోయేది పోయి దానంతటదే ఆగిపోయేది. ఈ వయసులో అందరికీ ఉండేదే."

తరగతులు అయ్యాయి. మళ్ళీ ఇంకో జట్టు వచ్చింది. చిన్ని పరీక్షలు అవనీ అన్నారు. చిన్ని మా అమ్మాయి, కాలేజీలో ఆఖరి సంవత్సరం. వాళ్ళమ్మని చూసుకోవడానికి ఎవరైనా నర్సు దొరకనీ అన్నారు. నర్సు కోసం ఎవరు వెతికారో నాకు తెలియదు. ఒకటి అవనీ, ఇంకోటి కానీ, మరోటి దొరకనీ. మా ఇంట్లో నా ఆపరేషన్‌కి తేదీ లేదు, ఈ మాటలున్నాయి. ప్రతి మాటా ఎంత మెత్తగా అనేవారంటే, ఎదురు మాట్లాడితే నేనే గయ్యాళిదాన్నయ్యేదాన్ని.

ఒకరోజు నేను గట్టిగానే అడిగాను. ఆయన నా తల మీద చెయ్యి వేశారు. "పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడ్డ స్త్రీ సంగతి నీకు తెలియదా? ప్రభువు అంగీ అంచు ముట్టుకుంది, అంతే. విశ్వాసం కావాలోయ్" అన్నారు.

అందరూ ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళాక, వంటింట్లో గట్టు మీద పుస్తకం పెట్టుకుని ఆ భాగం మళ్ళీ చదివాను. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్నానో. కానీ అప్పుడు చదివినట్టు ఎప్పుడూ చదవలేదు. ఆ తల్లి తనకున్నదంతా వైద్యులకి ఖర్చు పెట్టిందని ఉంది. ఆమెకున్నది ఆమె ఖర్చు పెట్టింది, ఆమె కాళ్ళతో ఆమె వెళ్ళింది. ఒక వైద్యుడి దగ్గర నయం కాకపోతే ఇంకొకడి దగ్గరికి వెళ్ళింది. ఎవరి పని అయ్యేదాకా ఆగినట్టు రాయలేదు. ప్రభువు అప్పుడు ఊరికే నడుచుకుంటూ పోవడం లేదు. ఒక పెద్దమనిషి ఇంటికి వెళుతున్నారు, ఆ ఇంట్లో పిల్ల చావుబతుకుల్లో ఉంది. చుట్టూ తోపులాట. అయినా సరే మధ్యదారిలో ఆగి, నన్ను ముట్టుకున్నది ఎవరని అడిగారు. వెంట ఉన్నవాళ్ళు విసుక్కున్నారు. ఆయన కదల్లేదు. ఆ పిల్ల పని అవనీ, తర్వాత నీ సంగతి చూద్దాం అనలేదు. ఇంకొకటి కూడా ఉంది. తనలోంచి శక్తి బయటికి పోయిందని ఆయనకి తెలిసిందట. ఒంట్లోంచి శక్తి పోతుంటే తెలియడమంటే ఏమిటో నాకు ఆ క్షణంలో అర్థమైంది. ఆయన ఒంట్లోంచి పోయింది, ఆమె ఒంట్లోంచి పోవడం ఆగింది. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను. దేవుడు నా కోసమే రాయించి పెట్టినట్టు అనిపించింది.

ఆయన ఇంటికి రాగానే ఆత్రంగా చెప్పాను, అన్నం వడ్డిస్తూనే. శ్రద్ధగా విన్నారు. నా ఆపరేషన్ సంగతి ఇప్పుడైనా కదులుతుందని ఆశపడ్డాను. ఆ వచ్చే ఆదివారం చర్చిలో ఆయన మైకు ముందు నిలబడి, "శక్తి పోవడమంటే ఏమిటో ప్రభువుకి తన శరీరంలో తెలుసు" అని మొదలుపెట్టారు. నేను అన్న మాటలన్నీ అన్నారు, ఒక్క 'అవనీ' తప్ప. నా ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు ముక్కు చీదుకున్నారు. బయటికి వచ్చాక ఒకాయన చేతులు పట్టుకుని "ఎలా వస్తాయండీ మీకు ఈ ఆలోచనలు" అంటే, ఆయన ఆకాశం వైపు చూపించారు.

నేను యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తాను. వరసగా మిషన్లు. బాత్‌రూం తాళంచెవి సూపర్‌వైజర్ బల్ల మీద ఉంటుంది, వెళ్ళాలంటే అతన్ని అడిగి తీసుకోవాలి. "మళ్ళీనా? ఇందాకేగా వెళ్ళావు?" అనేవాడు అందరికీ వినపడేలా. అతను నా కంటే చాలా చిన్నవాడు. అడగడానికి మొహం చెల్లక బిగబట్టుకుని కూర్చున్న రోజున కుర్చీ మీద మరక పడింది. కుట్టేవాళ్ళలో ఎవరో తన దగ్గరున్న గుడ్డ ముక్కతో గబగబా తుడిచేసింది, నా వంక చూడకుండానే. మర్నాటి నుంచి నన్ను ఇస్త్రీ బల్ల దగ్గరికి మార్చాడు. అక్కడ కుర్చీ ఉండదు. మరక పడకుండా భలే ఉపాయం కనిపెట్టాడు.

చేసిన తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళాను. మా ఫాదర్ గారు పెద్దాయన, ఒక చెవి సరిగ్గా వినపడదు. "కోపం వస్తోంది ఫాదర్" అన్నాను.

"ఎవరి మీదమ్మా?"

"అందరి మీదా. ప్రార్థన చేస్తుంటే దేవుడి మీద కూడా."

"కోపం వచ్చినా ప్రార్థన మానలేదుగా. నీ కష్టం ఆయనకి తెలుసమ్మా. ఆయనకి అన్నీ తెలుసు. నీ బాధని ఆయన సిలువ దగ్గర పెట్టు" అన్నారు. ఏం కష్టమని ఇంకొక్క మాట అడిగితే చెప్పేసేదాన్ని. నా వెనక ఎవరో దగ్గారు, వాళ్ళ వంతు కోసం. నేను లేచి వచ్చేశాను.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఒకరోజు పొద్దున నేను లేచి నిలబడబోయి గోడ పట్టుకుని జారిపోయాను. ఆయన వచ్చి లేపి కూర్చోబెట్టారు, మంచినీళ్ళు తాగించారు. తర్వాత లోపలికి చూసి, "చిన్నీ, ఇకనుంచి నానమ్మ పనులు నువ్వు చూసుకో తల్లీ. అమ్మకి ఓపిక లేదు" అన్నారు. నిజం చెబుతున్నాను, ముందు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత మా చిన్ని పుస్తకం మూసి లేచింది. జుట్టు ముడేసుకుంది, చొక్కా చేతులు పైకి మడుచుకుంది, ముందుగదిలోకి వెళ్ళి నానమ్మ నడుం కింద చెయ్యి పెట్టి లేపడానికి వంగింది. ఎలా వంగాలో ఎవరూ నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. నర్సు ఎందుకు దొరకలేదో నాకు అప్పుడు తెలిసింది. నర్సు ఇంట్లోనే పెరుగుతోంది.

"నాకేం కాలేదు, బాగానే ఉన్నాను" అంటూ నేను లేచాను. "నువ్వు పో, చదువుకో" అని దాన్ని పక్కకి తోసి, అత్తయ్య నడుం కింద నా చెయ్యి పెట్టాను. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా బాగానే ఉన్నాననే చెప్పాను. నేను పడుకుంటే అది లేవాలి. ఒక మధ్యాహ్నం స్నానాలగదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ప్రభువా నన్ను తీసుకుపో అని అడిగాను. అడిగిన మరుక్షణం భయమేసి, వద్దు వద్దు అని దండం పెట్టుకున్నాను. నేను పోతే ఇదంతా దాని నెత్తిన పడుతుంది. చచ్చిపోవడానికి కూడా నాకు సెలవు దొరకదని తెలిసిపోయింది.

ఇలా ఉండగా ఆ శనివారం వచ్చింది. పొద్దున బకెట్టు సంగతి అయ్యాక, గుడ్డలు ఆరేసి, ఇస్త్రీ చేసి, అత్తయ్యకి ఒళ్ళు తుడిచి, వంట చేసి, మధ్యాహ్నం ఆయన వెంట తరగతికి వెళ్ళాను. "ఆ లేత నీలం బట్టలు వేసుకో, నీకు బాగుంటాయి" అన్నారు. వేసుకున్నాను.

చర్చి పక్కనున్న హాలు. తెల్లటి ప్లాస్టిక్ కుర్చీలు. జంటలన్నీ పక్కపక్కన కూర్చున్నాయి, కొందరింకా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడానికి సిగ్గుపడుతున్నారు. ఫాదర్ గారు వెనక వరసలో కూర్చుని జపమాల తిప్పుకుంటున్నారు. గోడ మీద పెద్ద సిలువ. ఆయన మైకు తీసుకుని, భర్త శిరస్సు, భార్య శరీరం అని చెప్పడం మొదలుపెట్టారు. "శరీరానికి ముల్లు గుచ్చుకుంటే నిద్రపోని శిరస్సు, అదీ క్రైస్తవ భర్త అంటే" అన్నారు. ఒకమ్మాయి రాసుకుంది. ఆయన నా వైపు తిరిగి నవ్వారు. నేను నవ్వాను. ఆ నవ్వుతూ ఉన్నప్పుడే నా లోపల ఏదో తెగి జారినట్టయింది. వెచ్చగా, ఆగకుండా. కాళ్ళు దగ్గరికి బిగించుకుని కూర్చున్నాను. ఆయన గొంతు దగ్గరవుతోంది, దూరమవుతోంది. హాల్లో మనుషులు గుండ్రంగా తిరుగుతున్నారు.

"ఇప్పుడు నా జీవిత సహచరి మీతో మాట్లాడుతుంది."

చప్పట్లు కొట్టారు. నేను లేవలేదు. "కొంచెం మొహమాటం ఎక్కువ" అని ఆయన అంటే నవ్వారు. ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాను. ఆయన కళ్ళు నా వెనక కుర్చీ మీద పడ్డాయి. ముఖం రంగు మారిపోయింది. గబగబా నా దగ్గరికి వస్తుంటే, పట్టుకుంటారనుకున్నాను. నా చెయ్యి ముందుకి చాపాను కూడా. ఆయన నన్ను దాటి వెళ్ళి కుర్చీకి అడ్డంగా నిలబడ్డారు.

"ప్రియమైన తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఒక్క క్షణం అందరూ కళ్ళు మూసుకోండి. ఆయన సన్నిధిని అనుభవిద్దాం" అన్నారు మైకులో. తర్వాత మైకు దించి, నా చెవి దగ్గర, "ఆ పక్క తలుపులోంచి వెళ్ళిపో. తొందరగా. ఇక్కడిది నేను చూసుకుంటాను" అన్నారు. జేబులోంచి రుమాలు తీసి కుర్చీ మీద పరుస్తూనే ప్రార్థన అందుకున్నారు. గొంతు ఏమాత్రం తొణకలేదు. భార్యాభర్తల మధ్య దాపరికం లేని ప్రేమనివ్వమని అడుగుతున్నారు.

పక్క తలుపు దాకా వెళ్ళాను. అవతల చెత్తడబ్బాలుండే సందు. అటు నుంచి అటు ఇల్లు. ఇంట్లో అత్తయ్యని తిప్పే వేళ అయింది. తలుపు గడియ మీద చెయ్యి వేసి వెనక్కి చూశాను. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. పెళ్ళికూతుళ్ళందరూ. ఎంత నమ్మకంగా మూసుకున్నారో! కాసేపట్లో ఆమెన్ అంటారు, కళ్ళు తెరుస్తారు, కుర్చీ తెల్లగా ఉంటుంది. ఇంకో శనివారం ఇంకో జట్టు వస్తుంది. నేను మళ్ళీ ఈ నీలం బట్టలు వేసుకుని వచ్చి పక్కన కూర్చుంటాను. ఆ పిల్లల్లో ఎవరి ముఖం చూసినా మా చిన్ని ముఖంలా ఉంది.

"కళ్ళు తెరవండి" అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ అరిచాను. "కళ్ళు తెరవండమ్మా!"

ప్రార్థన ఆగింది. అందరూ తెరిచారు. నేను గోడకి ఆనుకుని నిలబడి చెప్పాను. "నాకు అయిదు నిమిషాలున్నాయి కదా. అంతసేపు పట్టదు. నాకు చాలా నెలలుగా రక్తం పోతోంది. ఆపరేషన్ చేయించకపోతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అలాగే వండాను, ఉతికాను, పనికి వెళ్ళాను, ఇక్కడికొచ్చి మీ ముందు నవ్వుతూ కూర్చున్నాను. ఆయనకి తెలుసు."

కొందరు తలెత్తి సిలువ వంక చూశారు. ఒకమ్మాయి భక్తిగా తల కూడా ఊపింది.

"ఆ గోడ మీదున్నాయన సంగతి కాదమ్మా నేను చెప్పేది" అన్నాను. "ఈయన. ఈయనకి తెలుసు."

హాలంతా ఒక్కసారి ఆయన వైపు తిరిగింది. ఆయన రుమాలు చేత్తో నొక్కిపట్టి, "క్షమించాలి, ఆవిడకి ఒంట్లో బాగోలేదు, నీరసంలో ఏదో మాట్లాడుతోంది" అన్నారు.

"అవునండీ" అన్నాను. "ఒంట్లో బాగోలేదనే చెబుతున్నాను, ఇన్నాళ్ళుగా."

వెనక వరసలోంచి ఫాదర్ గారు లేచారు. నా మాటలు ఆయనకి ఎంతవరకు వినపడ్డాయో తెలియదు, కానీ నా బట్టలు కనబడ్డాయి. "ప్రసంగం గారూ, ఆ మైకు అక్కడ పెట్టండి. ఆ తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నారు.

"అలాగే ఫాదర్. ఇంకొక్క పాఠమే మిగిలింది, అది అవనీ..."

ఆ మాట మైకులో వచ్చింది. హాలంతా మోగింది. ఆయన చేతిలో మైకు వంక చూశారు. తన మాట తనకి వినపడటం అదే మొదటిసారనుకుంటాను. ఎవరూ నవ్వలేదు.

ముందు వరసలో ఇందాక రాసుకున్న అమ్మాయి తన శాలువా తీసి నా నడుం చుట్టూ కట్టింది. "నేను వస్తానక్కా మీతో" అంది. వద్దన్నాను. "నువ్వు కూర్చుని ఆ మిగిలిన పాఠం విను తల్లీ. విన్నాక బాగా ఆలోచించుకో" అన్నాను. పక్క తలుపు వదిలేసి, కుర్చీల మధ్యనుంచి నడిచి, అందరూ వచ్చే పెద్ద తలుపులోంచి బయటికి వచ్చాను. ఆయన గుమ్మం దాకా వచ్చారు. "ఇంటికి వెళ్ళి మాట్లాడుకుందాం. ఇలా నలుగురిలో..." అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, ఎప్పటి మెత్తదనమే ఉంది. నేను రోడ్డు మీదికి నడిచి, వస్తున్న టాక్సీకి చెయ్యి అడ్డం పెట్టాను. సీటు పాడవుతుందేమో బాబూ అంటే, డ్రైవరు అదంతా తర్వాత, ముందు ఎక్కమన్నాడు.

దారిలో ఫోన్ మోగింది. చిన్ని. "అమ్మా, నానమ్మ నీ కోసం కేకలు పెడుతోంది. పక్క తడిసింది. నేను మార్చెయ్యనా?"

"వద్దు. నాన్నకి ఫోన్ చెయ్యి."

"నాన్నకా? నాన్నకి చేతకాదు కదా."

"పుట్టినప్పుడు నాకూ చేతకాదు. ఆయన నేర్చుకుంటారు. నువ్వు పుస్తకం ముందునుంచి లేవకు."

"అమ్మా, నువ్వెక్కడున్నావు?"

"ఆసుపత్రికి వెళుతున్నాను. రేపు నువ్వు రా. నన్ను చూడ్డానికి రా, పని చెయ్యడానికి కాదు." ఏడుస్తూ ఇంకా ఏదో అడుగుతోంది. ఏడవొద్దని చెప్పాలనుకున్నాను, ఓపిక లేక ఫోన్ ఒళ్ళో పెట్టేసుకున్నాను.

ఆసుపత్రి గుమ్మంలో టాక్సీ ఆగింది. తోపుడు మంచం దగ్గర నిలబడ్డ ఇద్దరు పరిగెత్తుకుంటూ వచ్చారు. అందులో పెద్దవాడు తలుపు తీసి, నన్ను దాటి, నా పక్కన ఖాళీగా ఉన్న సీట్లోకి తొంగి చూశాడు. "పేషెంటు ఎక్కడమ్మా?"

నా కాలు అప్పటికే కిందికి దిగబోతోంది. ఎవరినో దింపడానికి సాయం పట్టబోతున్నట్టు. కాలు లోపలికి తీసుకున్నాను.

"నేనే" అన్నాను.

లేవలేదు. వాళ్ళే వంగి, నా నడుం కింద చేతులు పెట్టి ఎత్తేదాకా అలాగే కూర్చున్నాను.